బెంచీ మీది రెండున్నర కోట్లు



వింటున్నవాళ్ళలో తెలుగు టైటాన్స్ అభిమానులుంటే కొంచెం ఓర్చుకోవాలి. చేదు లెక్కతో మొదలుపెడుతున్నాను. ప్రో కబడ్డీ లీగ్ ఎనిమిదో సీజన్‌లో మన జట్టు 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి గెలిచింది. తొమ్మిదో సీజన్‌లో 22 ఆడి రెండు గెలిచింది. పదో సీజన్‌లో మళ్ళీ 22, మళ్ళీ రెండే. మొత్తం 66 ఆటలు, 5 గెలుపులు. మూడుసార్లూ పన్నెండు జట్ల పట్టికలో పన్నెండో స్థానం.

డబ్బు పెట్టక ఇలా అయిందా అంటే, అదీ కాదు. 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన వేలంలో పవన్ సెహ్రావత్‌ను టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొనుక్కుంది. అప్పటిదాకా లీగ్‌లో ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. పవన్ దానికి తగ్గట్టే ఆడాడు కూడా. ఆ సీజన్‌లో కూతకు వెళ్ళి రెండు వందలకు పైగా పాయింట్లు తెచ్చాడు. అంత తెచ్చినా జట్టు గెలిచింది రెండే. ఈ రెండు సంగతులూ పక్కపక్కన ఎలా పొసుగుతాయన్నదే ఇవాళ్టి నా ప్రసంగం. మధ్యలో ఒకసారి అమెరికా దాకా, బాస్కెట్‌బాల్ దాకా వెళ్ళి వద్దాం.

మా దేవరాపల్లి, మాడుగుల, చోడవరం వైపు పంట నూర్చేసిన కళ్ళంలో చెడుగుడు ఆడుకున్న ఏ కుర్రాడికైనా ఆట మూలసూత్రం తెలుసు. అవతలివాళ్ళు పట్టేశారంటే నువ్వు చచ్చావు, గీత బయట కూర్చోవాలి. మళ్ళీ ఎప్పుడు బతుకుతావు? నీ జట్టువాళ్ళు అవతలివాణ్ణి ఒకణ్ణి అవుట్ చేసినప్పుడు. అదైనా వరసలో నీ వంతు వస్తేనే. బోనస్ పాయింట్లు ఎన్ని తెచ్చినా వాటికి ఎవరూ బతకరు. క్రికెట్‌లో అవుటైనవాడు ఆ ఇన్నింగ్స్‌కు ఇక రాడు. ఫుట్‌బాల్‌లో గోల్ తప్పినవాడు మైదానంలోనే తిరుగుతుంటాడు. వీటిలో కబడ్డీ ఒక్కటే విచిత్రం. బయటికి వెళ్ళినవాడు తిరిగి రావచ్చు, కానీ ఆ రావడం వాడి చేతుల్లో ఉండదు.

లీగ్‌లో కూతకు 30 సెకన్లు. మనదొకటి, వాళ్ళదొకటి కలిపితే నిమిషం. ఆట మొత్తం 40 నిమిషాలు. ఎదుటి జట్టు పవన్ లాంటివాణ్ణి ఒకసారి పట్టిందంటే ఆ తర్వాత ఏం చేస్తుందో గమనించారా? తొందరపడదు. వాళ్ళ రైడర్ మధ్యగీత దాటి వచ్చి దూరదూరంగానే తచ్చాడి, ఎవరినీ ముట్టకుండా, 30 సెకన్లు కరిగించి వెనక్కి వెళ్ళిపోతాడు. వరసగా రెండు ఖాళీ కూతల తర్వాత మూడోది పాయింట్ తేవాల్సిన కూత, తేకపోతే వాడే అవుట్. ఆ మూడోదాకా వాడు మన చేతికి చిక్కే దూరానికే రాడు. ఈలోపు మన కేచర్లు ఓపిక పట్టలేక ముందుకు దూకితే ఒకరికి ఇద్దరు పోతారు. ఓపిక పట్టి, సమయానికి పట్టు పడితేనే పవన్ లేస్తాడు. వేలంలో పది లక్షలు, పదిహేను లక్షలు పలికిన కుర్రాడి చెయ్యి రైడర్ మడమ మీద జారిపోయిన ప్రతిసారీ రెండున్నర కోట్లు ఇంకో నిమిషం బెంచీ మీద కూర్చుంటాయి. టైటాన్స్‌కు పదో సీజన్ చాలావరకు ఇలాగే గడిచిపోయింది.

పట్టు గురించి కాస్త వివరంగా చెప్పాలి. టీవీలో అది ఒక మూకుమ్మడి దొమ్మీలా కనిపిస్తుంది కానీ లోపల జరిగేది వేరు. ఎడమ మూల ఉన్నవాడు, వాణ్ణి కార్నర్ అంటారు, రైడర్ అవతలి వైపు చూపు తిప్పిన క్షణంలో కింద పడి మడమ అందుకుంటాడు. ఆ దూకడంలో ధైర్యం వాడిదే, ప్రమాదమూ వాడిదే. మడమ చేతికందిన తర్వాత ఆట వాడిది కాదు. పక్కనున్న కవర్ అరసెకనులో వచ్చి నడుం మీద పడాలి. ఆలస్యమైతే రైడర్ ఒక్క తన్నుతో కాలు విడిపించుకుని, పట్టినవాణ్ణి కూడా లెక్కలో వేసుకుని గీత దాటేస్తాడు. ముందే వచ్చాడా, రైడర్ ఇటువైపు తిరిగి ఇద్దరినీ ముట్టుకుని పోతాడు. ఆ తర్వాత మూడోవాడు మధ్యగీతకీ రైడర్ చేతికీ నడుమ అడ్డంగా తన ఒళ్ళు పెట్టాలి. రైడర్ వేలి కొన గీతను తాకినా ఇంత పనీ బూడిదలో పోసిన పన్నీరే. నాలుగోవాడు ఏమీ పట్టుకోడు, తోస్తాడు, బయటి గీత వైపు. అందరూ కలిసి ఒకే దిక్కుకు తోయాలి. ఇద్దరు లోపలికి, ఇద్దరు బయటికి తోశారంటే వాళ్ళ బలం వాళ్ళే తినేస్తారు.

ఈ అరసెకను ఎవరూ చెప్పి నేర్పేది కాదు. కార్నర్ భుజం కొంచెం వంగగానే 'ఇప్పుడు దూకుతాడు' అని కవర్‌కు తెలియాలి. చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడే జంటలకు ఇది వేళ్ళ బిగింపులోనే తెలిసిపోతుందంటారు. ఒకే ఊరి జట్లు, ఒకే శిక్షణ కేంద్రంలో పెరిగిన జట్లు పేరున్న జట్లను ఓడించేస్తుంటే మనం ఆశ్చర్యపోతాం కానీ, వాళ్ళ దగ్గర ఉన్నది ఈ అరసెకనే.

మరి అభిమానులం మనం రైడర్నే ఎందుకు చూస్తాం? నాకు తోచింది చెబుతాను. ఏడుగురి మధ్యకు ఒక్కడు వెళ్ళే దృశ్యం చూడగానే తెలుగువాడికి అభిమన్యుడు గుర్తొస్తాడు. చిన్నప్పటి నుంచీ హరికథల్లో, బుర్రకథల్లో, సినిమాల్లో మన కన్నీళ్ళన్నీ పద్మవ్యూహంలోకి వెళ్ళిన కుర్రాడివైపే. చుట్టుముట్టినవాళ్ళ మీద మనకు సానుభూతి లేదు. కబడ్డీలో ఆ వ్యూహం పన్నినవాళ్ళూ మనవాళ్ళేనని, వాళ్ళు చేసేది అన్యాయం కాదు, ఆటేనని ఒప్పుకోవడానికి కొంచెం టైము పడుతుంది. యాజమాన్యాలకూ ఇదే జబ్బు. టిక్కెట్లు అమ్మిపెట్టేది, పోస్టర్లో పడేది అభిమన్యుడే కదా.

టైటాన్స్ చరిత్ర మొదటినుంచీ ఇంతే. తొలి ఆరు సీజన్లూ రాహుల్ చౌదరి. లీగ్‌లో 500 రైడ్ పాయింట్లు మొదట దాటింది అతనే, విశాఖలో అతని పేరు చెబితే స్టేడియం ఊగిపోయేది. ఏడో సీజన్‌కు సిద్ధార్థ్ దేశాయ్‌ను 1 కోటి 45 లక్షలకు తెచ్చారు. అతనూ రెండు వందలు దాటించాడు, జట్టు పదకొండో స్థానంలో ఆగింది. తర్వాతి సీజన్‌లో అతనికి మొదట్లోనే గాయమైంది, ఇక ఆ జట్టును నిలబెట్టేవాడే లేకపోయాడు.

ఇప్పుడు ఇదే పవన్ కథను ఒక ఏడాది వెనక్కి తిప్పి చూడండి. తొమ్మిదో సీజన్‌కు తమిళ్ తలైవాస్ అతన్ని 2 కోట్ల 26 లక్షలకు కొనుక్కుంది. అప్పటికి అదే రికార్డు. 2022 అక్టోబరులో గుజరాత్ జెయింట్స్‌తో తొలి మ్యాచ్. మొదటి సగంలోనే పవన్ మోకాలు దెబ్బతింది, స్ట్రెచర్ మీద బయటికి తీసుకెళ్ళారు. ఆ సీజన్‌లో అతను మళ్ళీ కోర్టులో దిగలేదు. ఆ రోజు ఆట 31-31తో సమానమైంది. కొన్నాళ్ళకు కోచ్ కూడా మారాడు, అషన్ కుమార్ వచ్చాడు. ఎవరైనా ఏమనుకుంటారు? ఆ జట్టు పని అయిపోయిందనే. నరేందర్ అనే కొత్త కుర్రాడు కూతల భారం ఎత్తుకున్నాడు. సాగర్ రాఠీ నాయకత్వంలో కేచర్లు గట్టిగా నిలబడ్డారు. తలైవాస్ తన చరిత్రలో తొలిసారి సెమీఫైనల్‌కు చేరింది. అక్కడ పుణేరీ పల్టన్ చేతిలో రెండే రెండు పాయింట్ల తేడాతో, 39-37తో, ఓడింది. అత్యంత ఖరీదైన ఆటగాడు లేని ఏడాది ఒక జట్టు సెమీఫైనల్‌కు వెళ్ళింది. అదే ఆటగాడు ఉన్న మరుసటి ఏడాది ఇంకో జట్టు అట్టడుగున పడింది. పవన్‌ను తప్పు పట్టడానికి చెప్పడం లేదు. అతని చుట్టూ ఏముందో చూడమంటున్నాను.

పవన్ గురించి నా వాదనకు అడ్డం వచ్చే సంగతి ఒకటుంది, దాన్ని దాచను. ఆరో సీజన్ ఫైనల్లో, 2019 జనవరిలో, బెంగళూరు బుల్స్ గుజరాత్‌ను 38-33తో ఓడించి కప్పు గెలిచింది. అందులో పవన్ ఒక్కడివే 22 పాయింట్లు. అంటే ఒక్కడు ఫైనల్ గెలిపించగలడు, గెలిపించాడు. ఆ రోజు అతను అన్నిసార్లు కూతకు ఎలా వెళ్ళగలిగాడన్నదే నాకు ఆసక్తి. వెనకాల మహేందర్ సింగ్ లాంటి కేచర్లున్నారు, రోహిత్ కుమార్ లాంటి రెండో రైడర్ ఉన్నాడు. పడిన ప్రతిసారీ లేపేవాళ్ళు ఉన్నారు కాబట్టి 22 దాకా లెక్క సాగింది.

ఇక టైటాన్స్ పవన్‌ను కొన్న అదే వేలంలో పుణేరీ పల్టన్ కూడా కోట్లు గుమ్మరించింది. ఇరాన్ ఆటగాడు మొహమ్మద్ రెజా షాద్లూ కోసం 2 కోట్ల 35 లక్షలు పెట్టింది. తేడా ఏమిటంటే షాద్లూ పేరు కూతల కంటే పట్టుకే. ఆ సీజన్‌లో అతను 99 టాకిల్ పాయింట్లు సాధించాడు. ఆ 99 వెనక ఉన్న లెక్క నాకు ఎక్కువ ఇష్టం. పట్టు కుదిరిన ప్రతిసారీ, బయట ఎవరైనా ఉంటే, ఒక పుణే ఆటగాడు లేచి లోపలికి వచ్చాడు. ఖరీదైన చేతులు ఖరీదు లేని కాళ్ళను మళ్ళీ మళ్ళీ బరిలోకి తెచ్చాయి. కూతల్లో అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్, పంకజ్ మోహితే వంతులు పంచుకున్నారు. రైడర్ల పట్టికలో మొదటి పేరు పుణేది కాదు, కానీ 2024 మార్చి 1న హైదరాబాద్ గచ్చిబౌలిలో హర్యానా స్టీలర్స్‌ను 28-25తో ఓడించి కప్పు ఎత్తింది పుణే. టైటాన్స్ సొంతగడ్డ మీదే జరిగింది ఆ ఫైనల్.

ఇప్పుడు బాస్కెట్‌బాల్. మన ఊళ్ళలో ఆ ఆటకు సిమెంటు నేలా, రెండు స్తంభాలూ, రెండు రింగులూ కావాలి కాబట్టి కాలేజీలు, పట్నాలు దాటి పెద్దగా రాలేదు. కోర్టులో అయిదుగురే. 24 సెకన్లలోపు బంతి రింగు వైపు వేయాలి. అయిదుగురిలో ఒకడు అసాధ్యుడైతే ఆటంతా వాడి చుట్టూ తిప్పడం తేలిక కాబట్టి, ఈ ఆటలో తారల మోజు కబడ్డీ కంటే ఎక్కువ. 2004 జూన్‌లో అమెరికా ఎన్‌బీఏ ఫైనల్స్. ఒకవైపు లాస్ ఏంజెలిస్ లేకర్స్. షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్ చాలరన్నట్టు, కప్పు కోసం కార్ల్ మలోన్, గ్యారీ పేటన్ కూడా ఆ ఏడాదే వచ్చి చేరారు. అవతల డెట్రాయిట్ పిస్టన్స్. వాళ్ళ బెన్ వాలెస్‌ను కాలేజీ అయ్యాక జరిగే ఎంపికలో ఏ జట్టూ తీసుకోలేదు. చాన్సీ బిలప్స్ అప్పటికి ఎన్నో జట్లు మారి వచ్చినవాడు. మిగతా ముగ్గురు రిచర్డ్ హామిల్టన్, టేషాన్ ప్రిన్స్, రషీద్ వాలెస్. అందరూ మంచి ఆటగాళ్ళే, కానీ ఏ ఒక్కరి పేరూ కోబీ పక్కన నిలబడేది కాదు. మూడో మ్యాచ్‌లో డెట్రాయిట్ లేకర్స్‌ను 68 పాయింట్ల దగ్గర ఆపేసింది. సిరీస్ 4-1తో గెలిచింది.

కథ అక్కడితో అయిపోయుంటే నేను ఇంతదూరం తీసుకొచ్చేవాణ్ణి కాదు. ఆ పిస్టన్స్ కోచ్ లారీ బ్రౌన్. కప్పు గెలిచిన రెండు నెలలకు అదే లారీ బ్రౌన్ ఏథెన్స్ ఒలింపిక్స్‌కు అమెరికా జట్టును తీసుకెళ్ళాడు. టిమ్ డంకన్, ఆలెన్ ఐవర్సన్, అప్పుడే వచ్చిన లెబ్రాన్ జేమ్స్ ఆ జట్టులో ఉన్నారు. మొదటి మ్యాచ్‌లోనే ప్యూర్టోరికో చేతిలో 92-73తో ఓడారు. తర్వాత లిథువేనియా ఓడించింది. సెమీఫైనల్లో అర్జెంటీనా 89-81తో ఓడించింది. చివరికి కాంస్యం దక్కింది. కోచ్ అతనే, అతని బుర్ర అదే, వేసవి కూడా అదే. మారింది ఒక్కటే: డెట్రాయిట్ ఆటగాళ్ళు నెలల తరబడి కలిసి ఆడారు, ఏథెన్స్ జట్టు కొద్ది వారాల్లో కూర్చిన జట్టు. బంగారం గెలిచిన అర్జెంటీనాలోనూ మానూ జినోబిలి లాంటి తార ఉన్నాడు. అయితే అతను తన తోటివాళ్ళతో ఏళ్ళ తరబడి దేశం తరఫున ఆడుతూ వచ్చినవాడు.

మనకూ ఒక ఏథెన్స్ ఉంది, దాని గురించి అంతగా మాట్లాడుకోం. 1990లో ఆసియా క్రీడల్లో కబడ్డీ పెట్టినప్పటి నుంచీ 2014 దాకా పురుషుల బంగారం ఎప్పుడూ భారత్‌దే. 2018లో జకార్తాకు వెళ్ళిన జట్టు నాయకుడు అజయ్ ఠాకూర్. పర్‌దీప్ నర్వాల్, మన రాహుల్ చౌదరి అందరూ ఉన్నారు. లీగ్ తారలన్నీ ఒక్కచోట చేరినట్టే. గ్రూపు మ్యాచ్‌లో దక్షిణ కొరియా 24-23తో ఓడించింది. సెమీఫైనల్లో ఇరాన్ 27-18తో ఓడించింది. ఆ స్కోరులో భారత్ 18 దగ్గర ఆగడం చూడండి. ఇంతమంది కూతగాళ్ళకు 40 నిమిషాల్లో 18 పాయింట్లు. ఇరాన్ నాయకుడు ఫజల్ అత్రాచలి రైడర్ కాదు, ఎడమ మూల నిలబడే కేచర్. ఆ మర్నాడు మహిళల ఫైనల్లోనూ ఇరాన్ మనల్ని 27-24తో ఓడించింది. వాళ్ళ కోచ్ నాసిక్‌కు చెందిన శైలజా జైన్.

టైటాన్స్ దగ్గరికి తిరిగి వద్దాం. పదకొండో సీజన్‌లో కృషన్ కుమార్ హూడా కోచ్‌గా వచ్చాడు. పవన్‌ను 1 కోటి 72 లక్షల 50 వేలకు నిలుపుకున్నారు. మధ్యలో అతను గాయంతో తప్పుకున్నప్పుడు విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్ బరువు మోశారు. రెండు గెలుపుల జట్టు పన్నెండు గెలిచి ఏడో స్థానానికి వచ్చింది, ఒక్క మెట్టులో ప్లేఆఫ్ తప్పింది. పన్నెండో సీజన్‌కు పవన్ 59 లక్షల 50 వేలకు మళ్ళీ తలైవాస్‌కు వెళ్ళిపోయాడు. 2025 ఆగస్టు 29న సీజన్ మొదలైంది విశాఖలో. తొలి మ్యాచే టైటాన్స్, తలైవాస్‌ల మధ్య. పవన్ అవతలి వైపు. టైటాన్స్ 38-35తో ఓడింది. సినిమా అయితే ఇంటర్వెల్ ఇక్కడ పడేది. తర్వాత పవన్ మధ్యలోనే తలైవాస్‌కు దూరమయ్యాడు, ఆ జట్టు ప్లేఆఫ్‌కు చేరలేదు. విజయ్ మలిక్ నాయకత్వంలో టైటాన్స్ ప్లేఆఫ్‌లో పట్నా పైరేట్స్‌ను కూడా దాటి, ఫైనల్‌కు ఒక్క అడుగు దూరం దాకా వెళ్ళింది. అక్కడ పుణే 50-45తో ఆపింది. ఆ రోజు టైటాన్స్ భరత్ హూడా ఒక్కడే ఇరవైకి పైగా పాయింట్లు తెచ్చాడు. 45 తెచ్చిన జట్టు ఓడిందంటే, పాయింట్లు తేవడంలో లోపం ఉందా, ఇచ్చేయడంలో ఉందా? యాభై ఇచ్చారు కదా!

చివరగా ఒక చిన్న విషయం, మన ఊళ్ళలో టోర్నమెంట్లు నడిపే కుర్రాళ్ళ కోసం. బాస్కెట్‌బాల్‌లో అసిస్ట్ అని ఒక లెక్క ఉంది. గోల్ వేసినవాడి పేరు పక్కన, ఆ బంతి అందించినవాడి పేరూ రాస్తారు. ఏడాది చివర ఆ లెక్కకూ గౌరవం ఉంటుంది. కబడ్డీలో నలుగురు పట్టి నేలకు అదిమినా టాకిల్ పాయింట్ ఒక్కరి పేరునే పడుతుంది. నడుం పట్టినవాడు, గీత అడ్డుకున్నవాడు, తోసినవాడు స్కోరుషీట్‌లో ఎక్కడా కనిపించరు. సంక్రాంతి పోటీల్లో బెస్ట్ రైడర్‌కు ఒక కప్పు, బెస్ట్ కేచర్‌కు ఒక కప్పు ఇస్తారు, అక్కడితో సరి.

ఈ సంక్రాంతికి దేవరాపల్లి చుట్టుపక్కల ఎవరైనా స్కోరుషీట్‌లో నాలుగు గళ్ళు అదనంగా గీసి చూడండి. పట్టు ఎవరు మొదలుపెట్టారు, రెండో చెయ్యి ఎవరిది, మూడో చెయ్యి ఎవరిది, ఆ పట్టుకు ఎవరు బతికి లోపలికి వచ్చారు. స్కేలూ పెన్సిలూ తప్ప ఖర్చు లేదు. చిక్కల్లా ఒక్కటే. దుమ్ములో, నలుగురి కింద ఒకరు పడి ఉండగా ఎవరి చెయ్యి ఎక్కడుందో స్కోరు రాసేవాడికి కనపడదు. ఆటగాళ్ళనే అడగాలి. వాళ్ళు 'నేనురా పట్టింది' అంటే 'నేనురా' అని తగువు పడతారు. పడనివ్వండి.